పొట్ట పట్టుకుని వచ్చిన మనిషిని కఫం అడక్కండి: ఆఫ్రికా ఆసుపత్రులకి వస్తున్న మన డాక్టర్లకి ఒక బహిరంగ లేఖ

నమస్కారమండీ,

ఆఫ్రికాలో ఉద్యోగం అనగానే మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చేశాయి. జీతం డాలర్లలో ఇస్తారా, పిల్లలకి మంచి స్కూలు ఉందా, కరెంటు ఎన్ని గంటలు పోతుంది, కందిపప్పు దొరుకుతుందా. కందిపప్పు సంగతైతే బెంగ పెట్టుకోకండి, నేనుండే మలావీలో రైతులు కందులు పండించి మనకే ఎగుమతి చేస్తారు, ఇక్కడ వాటిని నండోలో అంటారు. మిగతావి కూడా ఎలాగోలా సర్దుకుంటాయి. కానీ ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా "సార్, అక్కడ మెడికల్ వార్డులో పేషెంట్లు దేనితో పోతున్నారు, నేను వచ్చేముందు ఏం చదువుకుని రావాలి" అని అడగలేదు. ఎవరూ అడక్కపోయినా చెప్తున్నా, ఈ లేఖ దాని గురించే, అందులోనూ ఒక్క జబ్బు గురించే. పొట్ట టీబీ.

"అదేంటి సార్, టీబీ మాకు తెలీదా, ప్రపంచంలో నాలుగో వంతు టీబీ ఇండియాలోనే ఉంది కదా" అంటారు. నేనూ అదే అనుకుని వచ్చా. ఆ అనుకోవడం వల్ల ఒక మనిషి ప్రాణం పోయింది, అదే ముందు చెప్తాను.

వచ్చిన కొత్తలో, దక్షిణ మలావీలో ఒక ఆసుపత్రి, పేరు అనవసరం. ముప్ఫై ఏళ్ళ లోపు అమ్మాయి, నెల పైనుంచి కడుపు నొప్పి, సాయంత్రాలు జ్వరం, బట్టలు వదులైపోయేంతగా చిక్కిపోయింది. వెంట వాళ్ళ అక్క, చంకలో గిన్నెలూ, పిండి మూటా. ఇక్కడ ప్రతి పేషెంటు వెంట ఒక గార్డియన్ వస్తారు, వండిపెట్టడం, ఒళ్ళు తుడవడం, మందులు అడిగి తేవడం అన్నీ వాళ్ళే. అమ్మాయి హెల్త్ పాస్‌పోర్ట్, అంటే ఇక్కడ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండే చిన్న పుస్తకం, తిరగేస్తే నెల రోజుల్లో నాలుగు రాతలు. ఒకసారి మలేరియా మందు, ఒకసారి టైఫాయిడ్ అనుకుని యాంటీబయాటిక్, ఒకసారి నులిపురుగుల మాత్ర, ఒకసారి అసిడిటీ మందు. హెచ్ఐవీ పాజిటివ్, ఏడాది క్రితం మందులు మానేసింది. పొట్ట కాస్త ఉబ్బుగా ఉంది, ఎడమ పక్క స్ప్లీన్ చేతికి తగులుతోంది, మన అమ్మమ్మలు కడుపులో బల్ల పెరిగింది అనేవాళ్ళు చూడండి అలాగ. ఆ బల్ల మీద బ్లేడు గాట్లు, సింగాంగా, అంటే నాటువైద్యుడు, పెట్టినవి. మన పల్లెల్లో కామెర్లకి వాతలు పెట్టేవాళ్ళు కదా, అదే బాపతు.

నా బుర్రలో ఏం తిరిగిందంటే, పొట్ట టీబీ కావచ్చు, అయితే కొలనోస్కోపీ చెయ్యాలి, బయాప్సీ తియ్యాలి, సీటీ తియ్యాలి. సీటీ ఉన్నది సిటీలో, అంబులెన్సుకి డీజిల్ లేదు. ఎండోస్కోపీ చేసేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. సరే కనీసం కఫం పంపండి అన్నా. ఆ అమ్మాయికి దగ్గే లేదు! కప్పు చేతికిస్తే పాపం ఉమ్మి ఊసింది, ల్యాబ్ నుంచి నెగెటివ్ అని వచ్చింది, నేను కూడా ఆ నెగెటివ్‌ని కేస్ షీట్‌లో బుద్ధిగా రాసుకున్నా. సీటీ కోసం ఎదురుచూస్తూ తొమ్మిది రోజులు గడిచాయి. తొమ్మిదో రోజు లీవు నుంచి తిరిగొచ్చిన క్లినికల్ ఆఫీసర్ ఒకాయన, ఎంబీబీఎస్ కాదు, డిప్లొమా చేసిన మనిషి, రౌండ్స్‌లో పొట్ట మీద చెయ్యేసి చూసి, లేబర్ వార్డు నుంచి స్కానింగ్ మెషిన్ తోయించుకొచ్చి, ఐదు నిమిషాల్లో లివర్ దగ్గర బిళ్ళలు, అంటే వాచిన లింఫు గ్రంథులు, స్ప్లీన్ నిండా నల్ల చుక్కలు చూపించి, నన్ను ఒకే ఒక్క మాట అడిగాడు. "డాక్టర్, యూరిన్ పంపారా?" యూరిన్ ఎందుకు అన్నా నేను. ఆయన ఏమీ అనలేదు, అదే నాకు ఇప్పటికీ గుర్తు. పావుగంటలో ల్యాబ్ అలమారా లోంచి స్ట్రిప్ తెచ్చాడు, అరగంటలో పాజిటివ్ గీత పడింది. ఆ స్ట్రిప్పుల డబ్బా నేను చేరిన రోజు నుంచీ అక్కడే ఉంది, ఎవరూ వాడక ఎక్స్‌పైరీకి దగ్గరపడింది. ఆ సాయంత్రమే మందులు మొదలుపెట్టాం. అమ్మాయి రెండు రోజులు బతికింది.

ఇక అసలు సంగతికి వస్తా.

మనకి ఇండియాలో నేర్పిన పొట్ట టీబీ వేరు, ఇక్కడ వార్డులో మీకు కనిపించేది వేరు. మన పీజీ రోజుల్లో పొట్ట టీబీ అంటే ఏంటి, చిన్నపేగు చివర, పెద్దపేగు మొదలు కలిసేచోట పుండు, పేగు సన్నబడి తిన్న తర్వాత మెలిపెట్టే నొప్పి, గుడగుడ శబ్దం, గాలి ఉండలా దొర్లడం, ఇంక ప్రొఫెసర్లకి మహా ఇష్టమైన "డోయీ అబ్డామెన్", చపాతీ పిండి ముద్దలా చేతికి తగిలే పొట్ట. ఆ తర్వాత ఇది టీబీనా, క్రోన్స్ అనే పేగుల జబ్బా అని గంటలు గంటలు సెమినార్లు. అవేమీ తప్పు కాదు, హైదరాబాదులోనో విజయవాడలోనో ఇప్పటికీ అదే కావాలి. కానీ ఇక్కడ మెడికల్ వార్డులో పొట్ట టీబీతో చేరేవాళ్ళలో ఎక్కువమందికి హెచ్ఐవీ ముదిరి ఉంటుంది, సీడీ4, అంటే రక్తంలో రక్షణ కణాల లెక్క, వందకి లోపు, కొంతమందికి యాభైకి లోపు. వాళ్ళ ఒంట్లో టీబీ ఒకచోట గూడు కట్టుకుని కూర్చోదు, రక్తంలో కలిసి లివర్, స్ప్లీన్, పొట్ట లోపలి బిళ్ళలు, కిడ్నీ, ఎముక మూలుగు అన్నిచోట్లకీ పోతుంది. పేగుల్లో పుండు ఉండొచ్చు లేకపోవచ్చు. పొట్ట అనేది ఇక్కడ మనం లోపలికి తొంగి చూడ్డానికి దొరికిన కిటికీ, అంతే. పేగు కోసం వెతికే డాక్టరు కొలనోస్కోపీ లేదని చేతులెత్తేస్తాడు, ఒళ్ళంతా పాకిన టీబీ కోసం వెతికేవాడికి సామాను చేతి దగ్గరే ఉంటుంది.

ఎంతమందిలో తప్పిపోతోంది అంటే, హెచ్ఐవీతో చనిపోయిన వాళ్ళ పోస్టుమార్టం స్టడీలన్నీ కలిపి 2015లో ఒక రివ్యూ చేశారు, పెద్దవాళ్ళలో దాదాపు 40 శాతం మందికి టీబీ కనిపించింది, అందులో ఇంచుమించు సగం మందికి బతికుండగా ఆ జబ్బు ఉందని ఎవరికీ తెలీదు. మీరు రాసే డెత్ సర్టిఫికెట్లలో "సెప్సిస్", "గ్యాస్ట్రోఎంటరైటిస్", "క్లినికల్ మలేరియా" అని ఉన్నవాటిలో ఎన్ని టీబీలో ఆలోచించుకోండి. నేను రాసినవాటి గురించి ఆలోచించుకునే ధైర్యం నాకు కొన్నిసార్లు ఉండదు.

ఎందుకు తప్పిపోతుందో చెప్పాలంటే పేరు దగ్గర్నుంచీ మొదలవుతుంది. ఇక్కడ మలావీలో మాట్లాడే చిచెవా భాషలో టీబీని చిఫువా చచికులు అంటారు, పెద్ద దగ్గు అని. స్వాహిలీలో కిఫువా కికూ, పెద్ద ఛాతీ జబ్బు. మరి దగ్గే లేనివాడికి, ఛాతీ శుభ్రంగా ఉన్నవాడికి నీకు పెద్ద దగ్గు జబ్బు, పొట్టలో ఉంది అంటే ఎలా నమ్ముతాడండీ, గార్డియన్ మొహం చూస్తే తెలిసిపోతుంది, ఈ విదేశీ డాక్టరుకి భాష రాదు పాపం అనుకుంటున్నారని. ఈ విషయంలో మన భాషే నయం, క్షయ అన్నారు మనవాళ్ళు, తరిగిపోవడం, కరిగిపోవడం, ఏ అవయవం పేరూ పెట్టలేదు. నేనిప్పుడు దుబాసీ నర్సుతో "ఒంటిని లోపల్నుంచి తినేసే జబ్బు, ఈసారి పొట్టలో దిగింది" అని చెప్పిస్తా, అప్పుడు తల ఊపుతారు.

పేరొక్కటే కాదు, టీబీ ప్రోగ్రాములే కఫం మీద కట్టినవి. 1970ల చివర్లో కారెల్ స్టిబ్లో అనే ఆయన టాంజానియాలో ఒక పద్ధతి నిలబెట్టాడు, మైక్రోస్కోపు, కఫం, దగ్గరుండి మందులు ఇవ్వడం, రిజిస్టరు పక్కాగా రాయడం, ఆ తర్వాత ప్రపంచమంతా డాట్స్ అని నడిచింది దాని పునాది మీదే. గొప్ప పని, నాకేం అభ్యంతరం లేదు, జబ్బు పదిమందికి అంటించేవాళ్ళని ముందు పట్టుకోవాలి కదా. కానీ హెచ్ఐవీ వచ్చాక వార్డులు నింపినవాళ్ళు ఆ అచ్చులో పట్టలేదు. రిజిస్టర్లో వాళ్ళకి "ఎక్స్‌ట్రాపల్మనరీ" అని, అంటే ఊపిరితిత్తుల బయట టీబీ అని, ఒక కాలమ్, చివర్లో, సన్నగా. నిజంగా జబ్బు ముదిరిన మనిషి కఫం కూడా తియ్యలేడు, మంచం మీద నుంచి లేవలేనివాడు గట్టిగా దగ్గి కళ్ళె ఎక్కడ తెస్తాడు. కానీ యూరిన్ దాదాపు అందరూ ఇవ్వగలరు, అవసరమైతే క్యాథెటర్ నుంచైనా తీసుకోవచ్చు.

అందుకే మొదటి మాట యూరిన్. ల్యామ్ స్ట్రిప్ అంటారు, లైపోఅరాబినోమానన్ అని టీబీ క్రిమి పైపొరలో ఉండే పదార్థం, జబ్బు ఒళ్ళంతా పాకితే కిడ్నీల ద్వారా యూరిన్‌లోకి వస్తుంది. ప్రెగ్నెన్సీ టెస్టు లాంటి స్ట్రిప్, 60 మైక్రోలీటర్లు చాలు, అంటే ఒకటి రెండు చుక్కలు, 25 నిమిషాలు ఆగి చదవడమే. కరెంటు అక్కర్లేదు, మెషిన్ అక్కర్లేదు, ఖరీదు మూడున్నర డాలర్ల చుట్టుపక్కల. గీత పలచగా పడితే డబ్బాలో వచ్చే రిఫరెన్స్ కార్డు పక్కన పెట్టి చూడాలి, కళ్ళతో అంచనా వేసి "ఉన్నట్టుంది" అని రాయొద్దు. సౌతాఫ్రికా, టాంజానియా, జాంబియా, జింబాబ్వేల్లో పది ఆసుపత్రుల్లో చేసిన ట్రయల్ 2016లో వచ్చింది, ఈ స్ట్రిప్ వాడిన వైపు ఎనిమిది వారాల్లో చనిపోయినవాళ్ళు 21 శాతం, వాడని వైపు 25. నాలుగు శాతమేగా అనొద్దు, మూడున్నర డాలర్ల కాగితం ముక్క ప్రాణాలు నిలబెట్టిందంటే మామూలు విషయం కాదు. ఆ తర్వాత 2018లో మలావీ జోంబాలోనూ, సౌతాఫ్రికా ఎడెండేల్‌లోనూ చేసిన స్టాంప్ ట్రయల్‌లో హెచ్ఐవీ ఉండి అడ్మిట్ అయినవాళ్ళని, లక్షణాలు ఉన్నా లేకపోయినా, చేర్చుకుని, సగంమందికి కఫంతో పాటు యూరిన్ పరీక్ష కూడా చేశారు, మిగతా సగానికి కఫమే. మొత్తం మీద చూస్తే తేడా లెక్కకి నిలబడలేదు, ఆ మాట దాచను, యూరిన్ చూడని వైపు చావులు 21.1 శాతం, చూసిన వైపు 18.3. కానీ సీడీ4 వందలోపు ఉన్నవాళ్ళలో, రక్తం బాగా తక్కువ ఉన్నవాళ్ళలో, డాక్టరుకి ముందే టీబీ అనుమానం ఉన్నవాళ్ళలో ప్రాణాలు నిలిచాయి. మన పొట్ట పేషెంట్లు చాలామంది ఆ మూడు గుంపుల్లోనే ఉంటారు.

2019 నుంచీ డబ్ల్యూహెచ్ఓ కూడా స్పష్టంగానే చెప్తోంది, హెచ్ఐవీ ఉండి అడ్మిట్ అయిన మనిషికి టీబీ లక్షణాలుంటే సీడీ4తో పనిలేకుండా, జబ్బు తీవ్రంగా ఉన్నా, సీడీ4 200 లోపున్నా లక్షణాలతో పనిలేకుండా ల్యామ్ చెయ్యమని. మీ ఆసుపత్రిలో లేదంటే ఎందుకు లేదో అడగండి. చాలాసార్లు ఉంటుంది, హెచ్ఐవీ క్లినిక్ వాళ్ళ అలమారాలో, తాళం వేసి. ఒక హెచ్చరిక, నెగెటివ్ వస్తే టీబీ లేదని కాదు. లక్షణాలున్న వందమంది నిజమైన టీబీ పేషెంట్లలో ఈ స్ట్రిప్ పట్టేది నలభై చిల్లర మందినే. పాజిటివ్ వస్తే మొదలుపెట్టండి, నెగెటివ్ వస్తే వెతకడం ఆపకండి. ఇంకోటి, మిగిలిన యూరిన్ పారబొయ్యకండి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుగున మిగిలింది జీన్‌ఎక్స్‌పర్ట్‌లో, అంటే టీబీ క్రిమి జన్యువుల్ని పట్టే మెషిన్‌లో పెట్టండి, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకి రెసిస్టెన్స్ ఉందో లేదో స్ట్రిప్ చెప్పదు, ఇది చెప్తుంది.

రెండో మాట ప్రోబ్, అంటే స్కానింగ్ మెషిన్‌కి ఉండే, ఒంటి మీద ఆనించే పిడి. టామ్ హెల్లర్ అని ఒక జర్మన్ డాక్టరు, సౌతాఫ్రికాలో క్వాజులు నటాల్ ప్రాంతంలో హ్లబీసా అనే పల్లెటూరి ఆసుపత్రిలో పనిచేస్తూ ఫాష్ అని ఒక చిన్న పద్ధతి తయారుచేశాడు, ఆ తర్వాత మలావీలోనూ పనిచేశాడు. పేరు పొడుగ్గా ఉంటుంది, ఫోకస్డ్ అసెస్‌మెంట్ విత్ సోనోగ్రఫీ ఫర్ హెచ్ఐవీ అసోసియేటెడ్ టీబీ, కానీ పని చిన్నదే, రేడియాలజిస్టు అక్కర్లేదు. గుండె చుట్టూ నీరు ఉందా, ఊపిరితిత్తుల పొరలో నీరు ఉందా, పొట్టలో నీరు ఉందా, లివర్ ద్వారం దగ్గరా అయోర్టా పక్కనా ఒకటిన్నర సెంటీమీటరు మించిన బిళ్ళలు ఉన్నాయా, లివర్‌లో మచ్చలు, స్ప్లీన్‌లో మచ్చలు. అంతే. మనవాళ్ళు గజ్జల్లో వాపొస్తే బిళ్ళ కట్టింది అంటారు చూడండి, అవే బిళ్ళలు లోపల ద్రాక్షగుత్తిలా కట్టి ఉంటాయి. ఇక్కడ ఒక చిట్కా, మామూలు పొట్ట ప్రోబ్‌తో స్ప్లీన్ శుభ్రంగా కనిపించి మోసం చేస్తుంది, లీనియర్ ప్రోబ్, అదే నరాలకి, థైరాయిడ్‌కి వాడేది, పక్కటెముకల మధ్య పెట్టి చూడండి, నల్ల మిరియాలు చల్లినట్టు అర సెంటీమీటరు, సెంటీమీటరు చుక్కలు బయటపడతాయి. నేను మొదటి ఆరు నెలలూ ఆ ప్రోబ్ మార్చడం తెలీక ఎన్ని వదిలేశానో లెక్కలేదు. లేబర్ వార్డులో మెషిన్ దాదాపు ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ ఉంటుంది, నర్సులతో మంచిగా ఉంటే అరగంట ఇస్తారు, బిస్కెట్ ప్యాకెట్ పట్టుకెళ్ళండి.

ఇప్పుడు మీరు ప్రోబ్ పట్టుకుని బిళ్ళ కనిపించిన ప్రతివాడికీ టీబీ మందులు రాసేస్తారేమో అని భయం, అందుకే ఇది కూడా చెప్పాలి. 2019లో కాక్రేన్ అని, వైద్య స్టడీలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ వాళ్ళు హెచ్ఐవీ పేషెంట్లలో పొట్ట స్కానింగ్ ఎంత నమ్మొచ్చో లెక్కలు తీశారు. క్రిమి నిర్ధారణ అయిన టీబీతో పోలిస్తే, ఉన్నవాళ్ళలో పట్టింది 63 శాతం, లేనివాళ్ళని లేదని సరిగ్గా చెప్పింది 68 శాతం. దీన్ని మామూలు లెక్కలో చెప్తా, వెయ్యిమందిలో 200 మందికి టీబీ ఉందనుకోండి, స్కాన్‌లో టీబీలా కనిపించేవాళ్ళు 382 మంది, అందులో నిజంగా టీబీ తేలేది 126 మందికే! అంటే మిగతా 256 మందికి వేరే ఏదో ఉంది, లేదా టీబీయే ఉండి కల్చర్‌కి, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్షకి, దొరకలేదు, ఆ రెండోది కూడా తక్కువేం కాదు, పొట్టలో దాక్కున్న క్రిమి కల్చర్‌కి చిక్కడం కష్టం. అలాగని స్కాన్ పనికిరాదని అనను, స్కాన్ ఒక్కటే చూసి తీర్పు చెప్పొద్దంటున్నా. యూరిన్, స్కాన్, సీడీ4, హిమోగ్లోబిన్, మనిషి వాలకం, అన్నీ ఒకే రోజు ఒకే కాగితం మీద పెట్టుకుని చూడాలి. "పోనీ అందరికీ మందులు వేసేస్తే పోలా" అనే వాళ్ళకి కూడా జవాబు ఉంది, రిమెంబర్ అనే ట్రయల్‌లో సీడీ4 యాభైలోపు ఉన్న అవుట్‌పేషెంట్లకి టీబీ తేలకుండానే మందులిచ్చి చూశారు, చావులు తగ్గలేదు. గుడ్డిగా ఇస్తే ఫలితం లేదు, రుజువు కోసం వారాలు కూర్చుంటే మనిషి ఉండడు, ఈ రెండింటి మధ్య మీకు దొరికేది మొదటి ఒకటి రెండు రోజులు మాత్రమే.

మరి టీబీలా నటించేవి ఏంటి అంటే చాలానే ఉన్నాయి, మన పుస్తకాల్లో చివరి పేజీల్లో ఉండేవి ఇక్కడ మొదటి పేజీలో ఉంటాయి. లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్, అదే బిళ్ళలు, అదే జ్వరం, అదే చిక్కిపోవడం, మందులు మొదలుపెట్టి రెండు మూడు వారాలైనా మనిషి తేరుకోకపోతే ముందు దీన్నే అనుమానించండి. కపోసి సార్కోమా, హెచ్ఐవీ ముదిరినవాళ్ళలో వచ్చే ఒక క్యాన్సర్, నోట్లో అంగిలి మీద ఊదారంగు మచ్చ ఉందేమో టార్చి వేసి చూడకుండా పొట్ట గురించి మాట్లాడొద్దు. లివర్ క్యాన్సర్, హెపటైటిస్ బి ఇక్కడ బాగా ఎక్కువ, పొట్టలో రక్తం కలిసిన నీరు వస్తే అనుమానించండి. విక్టోరియా సరస్సు చుట్టుపక్కల, ఉగాండాలోనో టాంజానియాలోనో పనిచేస్తే షిస్టోసోమా, అంటే నీళ్ళలో నత్తల నుంచి వచ్చే పురుగు, లివర్ లోపల రక్తనాళాల చుట్టూ గట్టిపడి స్ప్లీన్ బానలా పెరిగి రక్తం కక్కుతారు, వీళ్ళకి జ్వరం ఉండదు, సాధారణంగా ఆకలి బాగానే ఉంటుంది. ఉగాండాలోనే ఇంకోటి, ఎండోమయోకార్డియల్ ఫైబ్రోసిస్, గుండె లోపలి పొర గట్టిపడి పొట్ట నిండా నీరు, కాళ్ళ వాపు మాత్రం పెద్దగా ఉండదు, మెడ నరం చూడకపోతే టీబీ అనుకుని ఆర్నెల్లు మందులు మింగిస్తారు. ఈ జబ్బు మన కేరళలో కూడా ఉండేది, అందుకని మలయాళీ సీనియర్లు చప్పున పట్టేస్తారు, మనకే కొత్త. ఇంక హెచ్ఐవీ పేషెంట్లలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా రక్తంలోకి పాకడం ఇక్కడ రోజువారీ వ్యవహారం, మన టైఫాయిడ్ కాదు, దాని చుట్టం. జ్వరం, పెద్ద స్ప్లీన్, అన్నీ టీబీలానే, పైగా రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. కాబట్టి టీబీ మందులు మొదలుపెట్టిన రోజే బ్లడ్ కల్చర్ తీసి సెఫ్‌ట్రయాక్సోన్ అనే యాంటీబయాటిక్ కూడా నడవనివ్వండి.

పొట్టలో నీరుంటే తియ్యండి, భయపడకండి. పలచని పసుపు రంగు, ప్రోటీన్ ఎక్కువ, లింఫోసైట్లు ఎక్కువ, రక్తంలో ఆల్బుమిన్‌కీ నీటిలో ఆల్బుమిన్‌కీ తేడా 1.1 లోపు ఉంటే టీబీ వైపు. ఏడీఏ, అంటే ఆ నీటిలో ఒక ఎంజైమ్‌ని కొలిచే పరీక్ష, చేసే ల్యాబ్ ఉంటే అదృష్టం, 39 దాటితే బాగా బలమైన ఆధారం. ఆ నీటిలో స్మియర్ వేసి క్రిమి కనిపించలేదు అని కొట్టేయకండి, నూటికి రెండు మూడు దొరికితే గొప్ప. హెచ్ఐవీ లేని పేషెంట్లయితే మాత్రం తొందరపడకండి, అక్కడ స్ట్రిప్ పనిచెయ్యదు, మన పాత పద్ధతే, నీరు, వీలైతే ముక్క, అంటే బయాప్సీ.

ముక్క అంటే గుర్తొచ్చింది, ఇది సర్జన్ సోదరులకి, గైనిక్ అమ్మలకి. ఓవరీ క్యాన్సర్ అనుకుని పొట్ట తెరుస్తారు, సీఏ 125 అనే రక్త పరీక్ష కూడా పెరిగే ఉంటుంది, టీబీలోనూ పెరుగుతుంది అది, లోపల చూస్తే పొట్ట లోపలి పొర నిండా సజ్జ గింజలు చల్లినట్టు తెల్లటి పొక్కులు. ఎంతో కష్టపడి ముక్క తీసి, మొత్తం తీసుకెళ్ళి ఫార్మలిన్‌లో వేస్తారు! ఒకసారి నా కళ్ళముందే జరిగింది, నేను అరిచేలోపే డబ్బాలో పడిపోయింది. ఫార్మలిన్‌లో క్రిమి చచ్చిపోతుంది, కల్చర్ రాదు, పాథాలజిస్టు దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టే అంతమంది, రిపోర్టు వారాల తర్వాత వచ్చింది. ముక్కని రెండు చెయ్యండి అమ్మా, ఒకటి ఫార్మలిన్‌లో, ఒకటి మామూలు సెలైన్‌లో, సెలైన్ ముక్క ఆ రోజే జీన్‌ఎక్స్‌పర్ట్‌కి. థియేటర్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి, నేను రాయించా, పెయింట్ డబ్బులు నావే.

మందుల దగ్గర మీకు చెప్పాల్సింది పెద్దగా లేదు, ఆర్నెల్లు, మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు రెండు. హెచ్ఐవీ మందులు రెండు వారాల్లోపు మొదలుపెట్టాలి, మెదడు పొరకి టీబీ ఉంటే తప్ప. డోలుటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందు వాడుతుంటే రిఫాంపిసిన్‌తో కలిపినప్పుడు రోజుకి రెండుసార్లు 50 మిల్లీగ్రాములు, ఒకసారి కాదు, ఈ రెండో మాత్ర మర్చిపోయిన డిశ్చార్జ్ స్లిప్పులు వారానికి ఒకటైనా చూస్తుంటా. హెచ్ఐవీ మందులు మొదలైన కొన్ని వారాలకి పొట్ట నొప్పి మళ్ళీ ముంచుకొస్తుంది, బిళ్ళలు పెద్దవవుతాయి, ఒంట్లో రక్షణ శక్తి తిరిగొచ్చి గొడవ చెయ్యడం అది, మందులు ఫెయిలయ్యాయని ఆపేయొద్దు, ఆపరేషన్‌కి తోసేయొద్దు, పేగు నిజంగా చిల్లు పడిందేమో మాత్రం చూసుకోండి. స్టెరాయిడ్ ఇచ్చేముందు మళ్ళీ ఆ అంగిలి చూడండి, కపోసి ఉంటే స్టెరాయిడ్ దాన్ని అగ్గి రాజేసినట్టు రాజేస్తుంది. మూడు నెలలకి మళ్ళీ ప్రోబ్ పెడితే స్ప్లీన్ చుక్కలు చాలామందిలో పోయి ఉంటాయి, అది పేషెంటుకి కూడా తెర మీద చూపించండి, మిగతా మూడు నెలలు మందు మానకుండా మింగుతారు.

ఇక్కడ ప్రైవేటు ఆసుపత్రులు నడుపుతున్న మన పెద్దలకి కూడా ఒక మాట. మీ రిసెప్షన్‌లో టీవీ ఉంది, గణపతి విగ్రహం ఉంది, సీటీ మెషిన్ ఉంది, మూడున్నర డాలర్ల స్ట్రిప్ మాత్రం లేదు. సీటీకి బిల్లు వేస్తే వచ్చేది స్ట్రిప్‌కి రాదని నాకు తెలుసు, మీకూ తెలుసు. సీటీ తియ్యొద్దని నేననను, పేగు అడ్డం పడ్డప్పుడు, లింఫోమా అనుమానం ఉన్నప్పుడు దాని పని దానిదే, కానీ డబ్బులన్నీ సీటీకే అయిపోయి మందుకి ప్రభుత్వ ఆసుపత్రికి నడిచొచ్చే పేషెంట్లు మాకు కనిపిస్తున్నారు, ఆ ఫిల్ములు చంకలో పెట్టుకుని, పక్కన యూరిన్ ఎప్పుడైనా అడిగారా అంటే లేదంటారు. టీబీ మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది. రెఫర్ చెయ్యండి, మీ బిల్లుకేం నష్టం లేదు.

జూనియర్లకి ఇంకొక్కటి, కొంచెం కటువుగా అనిపిస్తే క్షమించండి. క్లినికల్ ఆఫీసర్లని "డాక్టర్లు కాదు కదా" అని చిన్నచూపు చూడకండి. మన ఎండీ డిగ్రీ ఫ్రేము కట్టించుకుని వస్తాం, వాళ్ళు ఒక్కో వార్డుని ఇరవై ఏళ్ళు చూసి ఉంటారు. నాకు ఫాష్ నేర్పింది ఆ రోజు యూరిన్ అడిగిన ఆయనే. ఇప్పటికీ స్ప్లీన్ మీద అనుమానం వస్తే ఆయన్నే పిలుస్తా, ఆయన ఇప్పటికీ నవ్వుతూ అదే ప్రశ్న అడుగుతాడు.

నా కాంట్రాక్టు ఈ ఏడాదితో అయిపోతోంది, నా జాగాలోకి మీలోనే ఒకరు వస్తారని విన్నా, ఎవరో తెలీదు. ల్యామ్ స్ట్రిప్పులు డ్యూటీ రూములో రెండో అరలో, పైన కార్డు టేపుతో అంటించి ఉంటుంది, ఎక్స్‌పైరీ తేదీ డబ్బా మీద ఎర్ర పెన్నుతో రాశా, ఆర్డరు మూడు నెలల ముందే పెట్టాలి, లేకపోతే రావు. లీనియర్ ప్రోబ్ కేబుల్ మొదట్లో కాస్త చిరిగింది, ప్లాస్టర్ చుట్టా, గట్టిగా లాగొద్దు. లేబర్ వార్డు సిస్టర్‌కి అల్లం బిస్కెట్లంటే ఇష్టం.

ఇట్లు,
దక్షిణ మలావీ నుంచి ఒక జనరల్ మెడిసిన్ డాక్టరు